క్యాసెట్ ఎక్కుతున్నది, ఖామోష్

మా చిన్నాయన కొడుకు సతీశ్ రాయచూరు స్టేషన్ రోడ్డులో కాఫీ దుకాణం పెట్టాడు. దుకాణం అంటే వాడికి కోపం, కెఫే అనాలి. లోపలికి వెళితే గోడ కనబడదు. ఒక వైపంతా పాత క్యాసెట్లను ఇటుకల్లా పేర్చి అంటించాడు. ఇంకో వైపు మూగబోయిన టేప్ రికార్డర్లు, పళ్లూడిన కీబోర్డులు, పెద్ద పొట్టల టీవీలు. కప్పు కింద పెట్టుకోవడానికి అట్టముక్క ఇవ్వడు, ఫ్లాపీ ఇస్తాడు. ఒకప్పుడు ఆ నల్ల పలక మీద వేలిముద్ర పడిందని ఆఫీసుల్లో మనుషులు మనుషుల్ని తిట్టుకున్నారు. ఇప్పుడు దాని మీద కాఫీ ఒలికి మరకలు కడుతోంది, ఎవరూ ఏమీ అనడం లేదు. ఆ కెఫేలో నాకు నచ్చిన విషయం ఇదొక్కటే. ఇంజనీరింగు పిల్లలు గుంపులుగా వస్తారు, తాము పుట్టకముందే పాడైన పెట్టెల పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు, అసలు ఆ కాలమే వేరని నిట్టూరుస్తారు. ఏసీ సరిగ్గా తగలకపోతే మాత్రం ఆ నిట్టూర్పును సగంలో ఆపి వెయిటర్‌ను పిలుస్తారు.

ఆ సతీశ్ ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చి, చేతిరుమాలులో చుట్టిన వస్తువొకటి నా ముందు పెట్టాడు. పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా పెట్టాడు. విప్పి చూస్తే డబ్బాతో సహా ఒక క్యాసెట్. దాని మీద అతికించిన కాగితంపై మా చిన్నాయన చేతిరాత. 'ముట్టొద్దు' అని తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. మా ఇంటికి వచ్చిపోయేవాళ్లలో ఎవరు ఏ భాషలో అమాయకత్వం నటిస్తారో చెప్పలేమని ఆయన భయం.

"అమ్మ సందూకల దొరికింది అక్కా. పట్టుచీరెల నడుమ పెట్టుకున్నది. నాయన యాదికని దాచుకున్నట్టుంది పాపం," అన్నాడు. రుమాలుతో డబ్బాను ఒకసారి తుడిచాడు. "దీనికి ఫ్రేం కట్టించి కౌంటర్ ఎన్క గోడకు పెడ్త. నువ్ రాస్తవ్ గద, కింద పెట్టనీకె చిన్న కార్డు రాసియ్యి. ఆ రోజులు ఎట్లుండెనో, మీరందరు ఎంత ఓపికతోని ఉండిరో, తియ్యగ నాలుగు మాటలు."

"తియ్యగ నాకు రాదురా. నిజం రాస్తె చేదుగుంటది."

"నిన్ను నిజం రాయమన్నదెవరు అక్కా. నువ్ చెప్పే అబద్ధాలే బాగుంటయి."

మా బంధువుల్లో నాకున్న గౌరవం ఇదీ. కార్డు రాస్తానని చెప్పి పంపించాను. రాయడానికి కూర్చుంటే అది కార్డులో పట్టేటట్టు లేదు. పైగా తియ్యగా కూడా రావడం లేదు.

ముందుగా ఆ ఓపిక అనే మాట సంగతి తేలుద్దాం. మేం ఓపికతో ఎదురుచూసిన మాట వట్టిది. గతిలేక ఎదురుచూశాం. ఆ క్యాసెట్లో ఉన్నది పాటలు కాదు, కంప్యూటర్ ప్రోగ్రాం. దాన్నుంచి ఒక పిచ్చి బొమ్మ టీవీ మీదికి రావడానికి పావుగంట పట్టేది. అది కూడా వచ్చిన రోజున. రాని రోజున పావుగంట అయ్యాక తప్పు జరిగిందని ఒక్క ముక్క చూపించి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టమనేది. ఆ క్యాసెట్ మొత్తంలో దాగిన సరుకు, ఇప్పుడు పొద్దున్నే ఎవరెవరో నా ఫోనుకు పంపే గులాబీపువ్వు బొమ్మలో ఒక రేకుకు కూడా సరిపోదు. ఆ రేకు కోసం ఒక ఇల్లు ఇల్లంతా నోరు కట్టేసుకుని బతికింది. దాన్ని తలచుకుని నిట్టూర్చేవాళ్లను చూస్తే, పంటినొప్పిని తలచుకుని మురిసిపోయేవాళ్లను చూసినట్టు ఉంటుంది నాకు.

మా నాన్నకు లింగసుగూరులో ఉద్యోగం. నన్ను చదువుకని రాయచూరులో చిన్నాయన ఇంట్లో ఉంచారు. పత్తి, మిరప బేరాలు సాగే మార్కెట్, గంజ్ అంటారు, దాని వెనక సందులో ఇల్లు. వీధి మలుపు తిరిగితే చాలు పత్తిగింజల నూనె వాసన, ఇంకొంచెం లోపలికి వస్తే ఎండుమిరపకాయల ఘాటు, గడప దాటితే పెనం మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన. ఆ రొట్టెలు కొట్టేది చిన్నమ్మ. పేరు కమల. తెల్లవారకముందే నల్లా వచ్చేది, నీళ్లు పట్టేది చిన్నమ్మే. రాత్రంతా తొట్టెలలో రాగం తీసే సతీశ్‌ను ఊపేది కూడా చిన్నమ్మే. వాడికప్పుడు నెలలే. ఆ రోజులు తియ్యగా ఉండేవని వాడు అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పగలంతా నిద్రపోయాడు.

ఇల్లు నడిపేది మాత్రం అవ్వ, అంటే మా నాన్నకూ చిన్నాయనకూ అమ్మ. నడుముకు ఇంతంత తాళాలగుత్తి. బియ్యం గదిది, నూనె డబ్బాల అలమారాది, బెల్లం పెట్టెది, ఎప్పుడో అమ్మేసిన పాత ఇంటిది కూడా. నడిస్తే ఎద్దులబండి వస్తున్నట్టు చప్పుడయ్యేది. అవ్వ కూర్చునేది అరుగు మీద. కోడలు ఉండేది వెనక వంటింట్లో. మధ్యలో పిలుపు. ఆ పిలుపు గురించి నేను చెబితే అతిశయోక్తి అంటారు, కానీ మా సందులో రామచిలకలు మొదట నేర్చుకునే మాట 'కమలా' అనేదే. పని ఉండి పిలవడం వేరు. అవ్వకు పని అక్కర్లేదు.

"కమలా, ఏం జేస్తున్నవ్?"

"మీరు పిలుస్తే వస్తున్న అత్తమ్మా."

"ఒస్తే అక్కడ పనెవరు జేస్తరు? పో."

వెళ్లి నాలుగు గిన్నెలు కడిగిందో లేదో మళ్లీ పిలుపు. ఈసారి, ఇందాకటి నుంచి చప్పుడు చేయడం లేదేమని. చిన్నమ్మ నడుం వాల్చగా నేను ఏనాడూ చూడలేదు. నిలబడి కునుకు తీయడం మాత్రం చూశాను. పప్పు కలుపుతూ కలుపుతూ గరిటె ఆగిపోయేది, కళ్లు మూతపడేవి, 'కమలా' అనగానే గరిటె మళ్లీ తిరిగేది.

ఇలాంటి ఇంటికి కంప్యూటర్ వచ్చింది. చిన్నాయన గంజ్‌లో పత్తి అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆయన దోస్తు ఒకడు మస్కట్ నుంచి వస్తూ, అక్కడెవరో విసిరేయబోతున్న చిన్న పెట్టెను తెచ్చి ఈయనకు అంటగట్టాడు. పలకంత పెట్టె, దాని మీదే మీటలు. టీవీకి ఒక వైరు, టేప్ రికార్డర్‌కు ఒక వైరు. పెట్టెకు స్వయంగా ఏమీ గుర్తుండదు. స్విచ్ తీస్తే పుట్టినప్పటి అజ్ఞానంలోకి వెళ్లిపోతుంది. నేర్పిందంతా క్యాసెట్లో దాచుకోవాలి, మళ్లీ కావాలంటే ఆ క్యాసెట్‌ను రికార్డర్లో పెట్టి వినిపించాలి. ఆ వినిపించడాన్ని చిన్నాయన 'ఎక్కడం' అనేవాడు. ప్రోగ్రాం ఎక్కుతున్నది. ఎక్కింది. ఎక్కలే. ఎక్కేటప్పుడు వచ్చే కూత ఎలా ఉండేదంటే, రొట్టెల పెనాన్ని మేకుతో గీకుతూ మధ్యమధ్యలో పిల్లి తోక తొక్కినట్టు. వైరు చివర పిన్ను వదులు, సగమే దిగేది. అందువల్ల సగం కూత పెట్టెకు, సగం మాకు.

ఇంత చేసి ఎక్కేదేమిటి? వచ్చిన చుట్టం పేరును ఇంగ్లీషు అక్షరాల్లో టీవీ మీద పైకీ కిందికీ ఆడించే ప్రోగ్రాం ఒకటి. ఒక చదరం ఇంకో చదరాన్ని మింగే ఆట ఒకటి. చిన్నాయన జీవితాంతం వాటికి మూడోదాన్ని చేర్చలేదు. చుట్టాలు తమ పేరు చూసుకోవడానికి పావుగంట కూర్చుని, చూసుకున్నాక, "ఇంతేనా?" అని అడిగి, చాయ్ తాగి వెళ్లిపోయేవారు. ఎండాకాలంలో రాయచూరు సంగతి తెలిసిందే, క్యాసెట్ రీలు మెత్తబడుతుందని దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి, మంచినీళ్ల కుండ కింద తడి ఇసుకలో ఉంచేవాడు. ఇంట్లో చల్లటి చోటు అదొక్కటే. మనుషులం గోడలకు వీపులు ఆనించి విసనకర్రలతో కొట్టుకునేవాళ్లం.

ఇప్పుడు అసలు తప్పు. మొదటి రోజు క్యాసెట్ ఎక్కుతుండగా, సరిగ్గా చివరలో, అవ్వ అరుగు మీద నుంచి 'కమలా' అని కేక వేసింది. అదే క్షణంలో టీవీ మీద తప్పు జరిగిందన్న ముక్క పడింది. చిన్నాయన తల పట్టుకున్నాడు. రెండు రోజుల తరువాత అవ్వ ఇడపనూరులో చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఆ రోజు ప్రోగ్రాం ఎక్కింది. ఇంకేం కావాలి? రికార్డర్‌కు మైకు ఉంది కదా, ఆ మైకు ఇంట్లో మాటలన్నీ వింటోంది, అవి ప్రోగ్రాంలో కలిసి చెడిపోతున్నాయి అని ఆయన తేల్చాడు. క్యాసెట్‌ను వినిపించేటప్పుడు మైకు పనిచేయదన్న సంగతి, అంతా వైరులో నుంచే పోతుందన్న సంగతి ఆయనకు చెప్పేవాళ్లు రాయచూరులో అప్పట్లో లేరు. ఉన్నా ఆయన వినేవాడు కాదు. పదో తరగతి లెక్కల్లో మంచి మార్కులు వచ్చినవాళ్లతో వచ్చే చిక్కు ఇది.

"ఎక్కేటప్పుడు ఇంట్ల ఎవ్వరు నోరు తెరవద్దు. ఖామోష్. అమ్మా, నీకే చెప్తున్న," అన్నాడు.

"నేనెప్పుడు మాట్లాడిన్రా?" అంది అవ్వ, నిజంగానే ఆశ్చర్యపోయి.

కొడుకు మాటంటే అవ్వకు గురి. పైగా ఆ పెట్టెకు తన పేరు కూడా తెలుసని టీవీ మీద చూసుకుంది. అందుకని కూత మొదలైతే చాలు, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని అరుగు మీద బిగుసుకుపోయేది. తాళాలు చప్పుడు కాకుండా గుత్తిని గుప్పిట్లో పట్టుకునేది. కూత వింటే సందంతా సద్దుమణిగేది. కూరగాయల ఆమె, అవ్వ వేళ్లతో బేరాలాడుకునేవారు. కుక్కర్ మొదటి విజిల్ వేయబోతుండగానే దింపేసేవాళ్లం, సాంకేతిక ప్రగతి కోసం ఆ రెండేళ్లూ మేం ఉడకని పప్పు తిన్నాం. పాలాయన తలుపు కొట్టడం మానేసి గేదెను గుమ్మం దాకా తెచ్చేవాడు. గేదె లోపలికి తొంగిచూస్తే మేం చెంబు పట్టుకుని వెళ్లేవాళ్లం. పక్కింటి ఖాదర్ చాచా కోడిపుంజు కూయడం మొదలుపెట్టి, మా కిటికీ వైపు చూసి, మిగతాది మింగేసేది. నమ్మనివాళ్లు మానేయవచ్చు. చాచా ఉంటే సాక్ష్యం చెప్పేవాడు, కోడి ఉంటే అది కూడా చెప్పేది.

ఒక రోజు బడిలో ఎవరో పెద్దమనిషి పోయారని మధ్యాహ్నానికే వదిలేశారు. సందు మలుపులోనే కూత వినబడింది. ఈ వేళప్పుడు చిన్నాయన ఇంట్లో ఉన్నాడేమిటా అనుకుంటూ వచ్చాను. అరుగు మీద అవ్వ చెంగు నోటికి పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, చెంగు మీదుగానే పెదవులపై వేలు పెట్టి, చెప్పులు అక్కడే విప్పమని కళ్లతో చెప్పింది. చిన్నాయన చెప్పులు లేవు. లోపలికి వెళ్లాను. టీవీకి తెర కప్పి ఉంది. కంప్యూటర్ తన గుడ్డ కింద తాను ఉంది, వైర్లు చుట్టచుట్టి పక్కన పెట్టి ఉన్నాయి. రికార్డర్ ఒక్కటే, ఎవరికీ ఏమీ చెప్పకుండా, గోడలకేసి కూస్తోంది. వంటింట్లో జొన్నపిండి డబ్బా పక్కన నేల మీద, చేయి తల కింద పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, చిన్నమ్మ నిద్రపోతోంది. పైన తొట్టెలలో సతీశ్ కూడా.

నేను అక్కడే నిలబడ్డాను. అంతటి కూతలో కదలని మనిషి, క్యాసెట్ అయిపోయి బటన్ టక్కున పైకి లేవగానే లేచి కూర్చుంది. మామూలు మనుషులకు చప్పుడైతే మెలకువ వస్తుంది, చిన్నమ్మకు చప్పుడు ఆగితే వచ్చింది. నన్ను చూసింది.

"టీవీ గూడ పెట్టలే గద చిన్నమ్మా?"

"పెట్టలే."

"మరి ఏమెక్కుతున్నది?"

"నిద్ర," అంది జుట్టు ముడేసుకుంటూ. "నాకే ఎక్కుతున్నది. జర సేపు."

"అవ్వకు చెప్తే ఏమిస్తవ్?" అన్నాను. ఆ వయసులోనే నాకు వ్యవహారం తెలుసు.

"ఏమియ్య. చెప్పుకో. రేపటి సంది నీ రొట్టెలు నువ్వే కొట్టుకో."

అరుగు మీద నుంచి కేక వినబడింది. "ఎక్కిందా కమలా?"

"ఎక్కింది అత్తమ్మా."

"అయితే ఆ మిరపకాయలు తిరగేసి రా. నేనెంతసేపని నోరు మూస్కోని కూసోవాలె?"

నేను రొట్టెల పక్షం వహించాను. కొట్టడం చేతకాక కాదు, చిన్నమ్మ రొట్టె అంత పల్చగా ఇంకెవరికీ రాదు. అప్పటి నుంచి సెలవు రోజుల్లో ఆ కూత పెట్టే పని నాదే అయింది. భోజనాలయ్యాక రికార్డర్ బటన్ నొక్కేదాన్ని. అవ్వకు నోరు మూతపడేది, చిన్నమ్మకు కళ్లు మూతపడేవి.

ఇలా ఉండగా చిన్నాయన దుకాణం పని మీద హైదరాబాద్ వెళ్లి ఫ్లాపీని చూసి వచ్చాడు. అన్నం ముందు కూర్చుని ముద్ద పెట్టుకోవడం మరిచిపోయి దాని గురించే చెప్పాడు. పల్చటి పలకంట, లోపల తిరుగుతుందట. మన పెట్టెకు కూడా పెట్టవచ్చునట, వచ్చే నెల తెస్తాడట. ఇనుము, అయస్కాంతం దాని దగ్గరికి రాకుండా మాత్రం చూసుకోవాలట.

"క్యాసెట్ లేదు, కూత లేదు. కన్ను మూసి తెరిచే లోపల ఎక్కుతది. ఇగ ఇంట్ల ఎవ్వరు ఖామోష్ ఉండే పనే లేదు."

"ఎవ్వరు?" అంది అవ్వ.

"ఎవ్వరు, అమ్మా. నువ్ పొద్దుగూకెదాక మాట్లాడు."

అవ్వ ముఖం చూడాలి. రెండేళ్లుగా మింగిన మాటలన్నీ గొంతులో వరుసకట్టి నిలబడ్డట్టున్నాయి. చిన్నమ్మ వడ్డిస్తున్న గరిటె గాలిలో ఆగింది. మొగుడికి ఎదురు చెప్పని మనిషి, "ఉన్నది మంచిగనే ఎక్కుతున్నది గద. కొత్తది ఎందుకు బేకార్?" అంది.

"నీకేం తెలుసు దాని సంగతి? నువ్ ఎప్పుడన్న దాన్ని ముట్టినవా?"

"ముట్టలే," అంది చిన్నమ్మ. నాకు పొలమారింది.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర పిండి పిసుకుతూ, నా వైపు చూడకుండా అడిగింది. "మీ నాయిన లింగసుగూరు తొవ్వల పులిని తోక పట్టి గుంజిండని బడిల చెప్పినవంట?"

"చిరుతపులి," అన్నాను.

"నమ్మిండ్రా?"

"హెడ్‌మాస్టర్ గూడ నమ్మిండు."

"అయితే మీ అవ్వకు ఒకటి చెప్పు." ఇంకో పిండి ముద్ద తీసుకుంది. అంతకు మించి అనాల్సిన పని లేదు. ఆమె కళ్ల కింద నల్లగా ఉంది, రొట్టె కొడుతున్న చేతులు నిద్రలో కొడుతున్నట్టున్నాయి. ఆ జర సేపు కూడా పోతే ఈ మనిషి ఏదో ఒక రోజు పొయ్యిలోకే తూలుతుందని నాకనిపించింది.

మర్నాడు అరుగు మీద అవ్వ పక్కన కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతూ మొదలుపెట్టాను.

"అవ్వా, ఫ్లాపీ వస్తే నువ్ తాళాలు తీసెయ్యాల్నంట గద?"

"ఎందుకే?"

"దానికి ఇనుము పడదంట. చిన్నాయన చెప్పలే? హైదరాబాద్ల ఒకరింట్ల ముసలామె నడుముకు తాళాలగుత్తి ఏస్కోని దాని ముందటి నుంచి పొయ్యిందంట. అంతే. లోపలున్న పేర్లన్ని తుడుచుకపొయ్యినయంట. కొడుకు పేరు, కోడలి పేరు, ఆమె పేరు. ఇప్పుడు రేషన్ దుకాణంల అడిగితే గూడ ఆ ఇంట్ల ఎవ్వరు లేరంటున్నరంట."

అవ్వ చేతిలో పప్పు ఆగింది. "మరి ఆమె తాళాలు?"

"కోడలికి ఇప్పిచ్చిండ్రంట. వంటిల్లు దూరముంటది గద."

ఆ తరువాత అవ్వ మాట్లాడలేదు. కూత లేకుండానే. ఎంతసేపంటే, పాలాయన గేదెను తెచ్చి, లోపల ఏమీ ఎక్కడం లేదని గమనించి, కంగారుపడి వెనక్కి తీసుకుపోయాడు. చిన్నాయన దుకాణం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుండగా అవ్వ లేచి నిలబడి గుత్తిని రెండు చేతులా పట్టుకుంది.

"ఆ పలక ఈ గడప దాటితే నేను ఇడపనూరుకు పోత. తాళాలతోని పోత."

"అమ్మా, నీ తాళాలకు దానికి ఏం సంబంధం? అది అయస్కాంతానికి గద."

"అయస్కాంతం ఇనుము కాదారా?"

"ఇనుమే, గాని..."

"మరింక."

చిన్నాయన రెండు రోజులు వాదించాడు. పుస్తకం తెచ్చి చూపించాడు. తాళాన్ని సూది దగ్గర పెట్టి, చూడు అంటుకోలేదు అని నిరూపించాడు. అవ్వ ఆ తాళాన్ని లాక్కుని మళ్లీ గుత్తికి తగిలించుకుంది. బియ్యం గది ఎవరి చేతిలో ఉందో వాళ్ల మాటే నెగ్గుతుంది. ఫ్లాపీ రాలేదు. ఆ వారమంతా నా రొట్టె మీద నెయ్యి అంచుల దాకా ఉంది. దేశమంతా క్యాసెట్లను వదిలేసి ముందుకు పోతుంటే గంజ్ వెనక సందులో మాత్రం కాలం ఆగిపోవడానికి నేనే కారణం, ఈ మాట నేను గర్వంగానే చెప్పుకుంటాను. కెఫే పెట్టాల్సింది నిజానికి నా పేరు మీద.

కంప్యూటర్ ఆ తరువాత ఎంతోకాలం బతకలేదు. మా ఊరి పక్కనే కరెంటు పుడుతుంది, పుట్టి ఎక్కడెక్కడికో పోతుంది, మా సందులోకి మాత్రం చుట్టపుచూపుగా వచ్చేది. ఒక సాయంత్రం మరీ హుషారుగా వచ్చింది. పెట్టెలో నుంచి పొగ లేచి, చిన్నాయన ముఖం మీదుగా వెళ్లిపోయింది. ఆయన దాన్ని గుడ్డలో చుట్టి అటక ఎక్కించాడు. రికార్డర్‌కు ఏమీ కాలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆయన దుకాణానికి వెళ్లాక కూత యథాప్రకారం మొదలైంది.

"పెట్టె కాలిపాయె గద, ఇంకేమెక్కుతున్నది?" అని అవ్వ అడిగింది, అదీ గుసగుసగా.

"రిపేరు ఎక్కుతున్నది అత్తమ్మా," అంది చిన్నమ్మ.

ఆ రిపేరు అవ్వ పోయేదాకా ఎక్కుతూనే ఉంది. పెళ్లిళ్లలో నలుగురం కూర్చున్నప్పుడు ఈ కథ చెబితే, ఎవరో ఒకరు తప్పకుండా కళ్లు తుడుచుకుని, అవ్వకు అంతా తెలుసు, కోడలి మీద ప్రేమతో తెలియనట్టు ఉంది అంటారు. మనిషి పోయాక, ఇక తిట్టడానికి తిరిగిరారని రూఢి అయ్యాక, వాళ్లకు ఇలాంటి మంచితనాలు అంటించడం మనవాళ్లకు అలవాటు. సతీశ్ క్యాసెట్లు అంటించినట్టే. అవ్వకు ఏమీ తెలియదు. తెలిసి ఉంటే ఆ రికార్డర్‌ను రోట్లో వేసి దంచేది. నిజంగా నమ్మింది, నమ్మి నోరు కట్టేసుకుంది, అందుకు లోపల్లోపల చివరిదాకా రగిలిపోయింది. నాకు ఆ అవ్వే ఇష్టం.

అవ్వ పోయాక గుత్తి చిన్నమ్మ నడుముకు వచ్చింది. పిలిచేవాళ్లు లేరు, కూతతో పని లేకపోయింది. చిన్నాయన కూడా పోయాడు. ఇప్పుడు సతీశ్ చిక్కసూగూరు వైపు కొత్త ఇల్లు కట్టాడు. గట్టిగా తలుపు వేసినా చప్పుడు రాని ఇల్లు. కోడలు బంగారం, మధ్యాహ్నం చిన్నమ్మ గది వైపు అడుగు చప్పుడు కూడా కానివ్వదు. మెత్తటి పరుపు, చల్లటి గాలి. ఆ పరుపు మీద పడుకుని చిన్నమ్మ కప్పు చూస్తుంది. నిద్ర రాదు. డాక్టర్ మాత్రలు మార్చాడు, ఆయన్ను మార్చి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లారు, పడుకునే ముందు పాలు, కాళ్లకు నూనె, అన్నీ అయ్యాయి. వెళ్లినప్పుడల్లా నాతో అదే మాట. "కన్ను మూతపడ్తలేదు పాపా. నాకేం కష్టముంది చెప్పు."

కార్డు ఏమైందని అడగడానికి సతీశ్ ఫోన్ చేసి, ఆ క్యాసెట్ కూతను ఫోన్లో రికార్డు చేసుకుంటున్నానని, కెఫేలో మెల్లగా వినిపిస్తానని, నన్ను కూడా ఇంటికి రమ్మని అన్నాడు. మనుషులు డబ్బిచ్చి ఆ కూత వింటూ కాఫీ తాగుతారట. వెళ్లాను. హాల్లో బల్ల మీద పాత రికార్డర్ ఒకటి, పక్కన క్యాసెట్. సోఫాలో చిన్నమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది.

"నా సందూక తీయమని నీకెవరు చెప్పిండ్రు?"

"నాయన యాదికి దాచుకున్నవ్ గదమ్మా, అందరు చూస్తరని."

"మీ నాయన యాదికి గోడకు ఫోటో ఉన్నది గద." అని నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

సతీశ్ ఫోన్ సిద్ధం చేసుకుని బటన్ నొక్కాడు. ఇన్నేళ్లలో ఆ కూత ఏమీ మంచిది కాలేదు. అదే మేకు, అదే పెనం, అదే పిల్లి. వాడు కళ్లు మూసుకుని తల ఊపుతూ, "ఎంత బాగుందో జూడక్కా, అమ్మా నీకు యాదికి..." అంటూ తిరిగాడు, అంటూ ఆగాడు. చిన్నమ్మ తల సోఫా చేతి మీదికి వాలింది. చేయి దాని కిందికి దానంతటదే వెళ్లింది. నోరు కొంచెం తెరుచుకుంది. వంటింట్లో నుంచి వచ్చిన కోడలు చేతిలో చాయ్ కప్పులతో అక్కడే నిలబడిపోయింది. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎన్ని నెలల మాత్రలో ఆమెకు తెలుసు.

సతీశ్‌కు కావలసినంత రికార్డు అయినట్టుంది, ఆపడానికి చేయి చాచాడు. నేను ఆ చేతి మీద కొట్టి, వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. పెట్టుకున్నాక గాని తెలియలేదు అది అవ్వ వేలని.

"దీన్ని ఫ్రేంకు తీస్కపోవాలె అక్కా," అన్నాడు గుసగుసగా.

"తీస్కపోవు."

"మరి గోడకు?"

"ఖాళీ డబ్బా పెట్టుకో. వచ్చెటోళ్లకు ఏం తెలుస్తది."

గుమ్మంలో ఎవరో పార్శిల్ పట్టుకుని వచ్చి, మా ముగ్గురి ముఖాలూ చూసి, తనూ మాట్లాడకుండా నిలబడ్డాడు. సతీశ్ ఏదో అడగబోయాడు. "ఎక్కుతున్నది, ఖామోష్," అన్నాను. అలా నిలబడ్డాం, ఏసీ గదిలో, కూతలో, చాయ్ చల్లారిపోతుండగా. సతీశ్ ఒకసారి వాళ్లమ్మను, ఒకసారి రికార్డర్‌ను చూశాడు. వాడు మందమతి కాదు, ఆలస్యంగా తెలుసుకుంటాడు.

క్యాసెట్ అయిపోయి బటన్ టక్కుమంది. చిన్నమ్మ లేచి కూర్చుంది. జుట్టు ముడేసుకుంది. వరుసగా నిలబడ్డ మమ్మల్ని, పార్శిల్ మనిషితో సహా, ఒకసారి చూసింది. లేచి వెళ్లి రికార్డర్లో నుంచి క్యాసెట్ తీసి, అతికించిన కాగితాన్ని కొడుకు ముఖం ముందు పెట్టింది.

"ముట్టొద్దని రాసి ఉన్నది గద, మూడు భాషలల్ల. చదువుకున్నోనివి."

దాన్ని తీసుకుని తన గదిలోకి వెళ్లింది. సందూక తాళం పడిన చప్పుడు వినబడింది. లోపల నుంచే కోడలికి చెప్పింది, "రికార్డర్ అక్కడనే ఉండనియ్యి. రేపు బువ్వలు తిన్నంక మళ్ల పెడ్త."

కెఫేలో కౌంటర్ వెనక గోడకు ఇప్పుడు మంచి చెక్క ఫ్రేంలో ఖాళీ డబ్బా ఉంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు, ఎంత చక్కటి రోజులో అంటున్నారు. అననిస్తున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక మాత్రం ఆ ఇంటికి ఫోన్ చేయను. ఎక్కుతుంటుంది.